సర్కారు కట్టడముల గుత్తలు: సంస్కరింపవలసిన విధము

(వడ్డెర సంఘ వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)

 

వార్షిక మహాసభలయందు విద్య, వివాహవ్యయములు, విద్యార్థి వసతిగృహములు మున్నగు విషయములను గూర్చి ముచ్చటించుట మనకు వాడుక. అవి యన్నియు నావశ్యకములే. కాని మనవారి పొయ్యిమీది కుండ యే పనివలన నుడుకుచున్నదో యా పనిని గూర్చి తగినంత చర్చ జరుగుటలేదు. కావున సర్కారువారు కట్టించు కట్టడములకు గుత్తలిచ్చు పద్ధతిని గూర్చియు, అందలి లోపములను గూర్చియు, వానిని సవరింపదగిన మార్గములను గూర్చియు నాలుగు మాటలు మనవి చేయ సాహసించుచున్నాము. ఇది యింజనీర్లకును లెక్కల కచేరీలకును సంబంధించిన విషయము గదా, మనకేల యని యెవ్వరును తలంపవలదు. టెండరు కాగితముమీద నొక యంకె మాఱినచో గనిలో సమ్మెట పట్టినవాని కూలి మాఱును. కట్టమీద తట్ట మోయు నాయిల్లాలి కబళము మాఱును.

మన వృత్తి నిన్న మొన్నటిది కాదు. కడప సీమయందలి పోరుమామిళ్ళ చెఱువు శాసనమును మనలో చదువుకొన్న ప్రతివాడును తెలిసికొనియుండవలయును. అది క్రీ. శ. 1369వ సంవత్సరము నాటిది. విజయనగర రాజకుమారుడైన భాస్కరుడు ఆ చెఱువును కట్టించెను. రెండేండ్లపాటు దినమునకు వేయిమంది కూలీలు పనిచేసిరనియు, రాయి తోలుటకు నూఱు బండ్లు నడచెననియు నందు చెక్కబడియున్నది. అంతియ కాదు. చెఱువునకు వలసిన పండ్రెండు సాధనములను, విడువవలసిన యాఱు దోషములను గూడ నా శాసనము వరుసగా జెప్పుచున్నది. కట్టనుండి నీరు కాఱుట, చవుటినేల, రెండు రాజ్యముల యెల్లమీద చెఱువుండుట, చెఱువు నడుమ మెట్ట యుండుట, నేల విస్తారమై నీరు కొఱవడుట, నీరు విస్తారమై నేల కొఱవడుట యనునవి యా దోషములు. ఆ వేయిమంది కూలీల పేరులు శాసనమున కెక్కలేదు గాని, వారు చేసిన పని మాత్రము శతాబ్దములను దాటి నిలిచినది.

1847 మొదలు 1852 వఱకు ఆర్థరు కాటను దొర ధవళేశ్వరమున గోదావరికి ఆనకట్ట కట్టించినపుడును, 1955 డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగి నాగార్జునసాగరమున రాతికట్టడముతో మహాసేతువు లేచినపుడును, రాయి కొట్టినవియు మన్ను మోసినవియు శ్రామికుల చేతులే. పాలమూరు కూలీలు దేశమునందలి యనేక యానకట్టల పనులకు వలసపోయి పేరు గాంచిరి. ఆ చేతులలో మన చేతులును గలవు. ఇట్టి చరిత్ర గలవారము గనుకనే, సర్కారు కట్టడము చక్కగా జరుగు విధమేది యని యడుగుటకు మనకు హక్కు గలదని నమ్ముచున్నాము.

సర్కారు సొమ్ము ప్రజల సొమ్ము. దానిని వెచ్చించువాడొకడు, దాని ఫలము ననుభవించువాడు వేఱొకడు. ఈ యెడమునందే దోషమునకు తావు గలుగును. రాజధనము నపహరించు విధములు నలుబది యని కౌటిల్యుడు తన యర్థశాస్త్రమున లెక్కించెను. ఆ విధముల నరికట్టుటకే బహిరంగ టెండరు పద్ధతి యేర్పడినది. పని యిట్టిదని లోకమునకు చాటి, అర్హులైన వారందఱచేతను ధరలు వ్రాయించి, అందఱి యెదుట విప్పి, తక్కువకు చేయువానికి పని యిచ్చుట దాని సారము. 1979వ సంవత్సరమున రమణ దయారాం శెట్టి వ్యాజ్యమునందు సుప్రీం కోర్టువారు, గుత్త లిచ్చుటలో సర్కారు స్వేచ్ఛగా తనకు నచ్చినవాని నేఱుకొనరాదనియు, తాను ప్రకటించిన నిబంధనలకు తానే కట్టుబడియుండవలయుననియు తీర్పు చెప్పిరి. ఆ సూత్రము ఉత్తమమైనది. ఆచరణమునందే కొఱత.

ఆచరణము నిలుచుటకు చట్టము కావలయును. తమిళనాడు 1998లోను, కర్ణాటకము 1999లోను టెండర్ల పారదర్శకతను గూర్చి ప్రత్యేక చట్టములను గావించుకొన్నవి. దేశమంతటికిని వర్తింపదగిన బిల్లు 2012లో లోక్‌సభయందు ప్రవేశపెట్టబడినది గాని, 2014లో నా సభ ముగియుటతోడనే యదియు మురిగిపోయెను. అప్పటినుండియు కేంద్రమునందు 2017వ సంవత్సరపు సాధారణ ఆర్థిక నియమములును, వానిని విడమఱచు పుస్తకములునే యాధారములు. నియమమునకును చట్టమునకును భేదము గలదు. నియమమును కచేరీ మార్చుకొనగలదు. చట్టమును మార్చుటకు శాసనసభ కూడవలయును.

మన తెలుగు దేశపు టనుభవమును జూడుడు. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున టెండర్లను కంప్యూటరుద్వారా పిలుచుట యారంభమైనది. అంతకుముందు టెండరు పెట్టెయొద్ద కాపు కాసి, ఎదిరి పక్షమువాని కాగితమును పెట్టెలో పడనీయక యడ్డగించు దౌర్జన్యములు వినవచ్చుచుండెను. కంప్యూటరు వచ్చిన పిమ్మట ఇంటనుండియే ధర వేయగల సౌకర్యము గలిగినది. ఇది గొప్ప మేలు. పిదప 2019లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము నూఱు కోట్లకు మించిన పనుల టెండరు పత్రములను ముందుగా నొక న్యాయమూర్తి పరిశీలింపవలెనని చట్టము చేసినది. ధరలు విప్పిన తరువాత మఱల తగ్గింపు పాట పెట్టు పద్ధతినిగూడ ప్రవేశపెట్టినది. 2024లో ప్రభుత్వము మాఱినతోడనే యా రెండును తొలగింపబడినవి. ఏది మేలు, ఏది కీడు అను వాదములోనికి మేము దిగుట లేదు. కాని ప్రభుత్వము మాఱినపుడెల్ల గుత్తల పద్ధతి తల్లక్రిందు లగుచుండినచో, పెద్ద గుత్తదారు న్యాయవాదులను బెట్టుకొని నెగ్గుకొనివచ్చును, చిన్నవాడు మునిగిపోవును. స్థిరమైన పద్ధతియే చిన్నవానికి రక్ష.

ఇక లోపములను విచారింతము. మా దృష్టికి ముఖ్యముగా నాలుగు కనబడుచున్నవి.

మొదటిది, నేలను చూడక మునుపే గుత్త పిలుచుట. పోరుమామిళ్ళ శాసనము దోషములను ముందు చెప్పి, చెఱువును పిమ్మట కట్టుమనుచున్నది. మన కాలమున నీ వరుస తలక్రిం దగుచున్నది. 2004 తరువాత జలయజ్ఞమునందు సర్వే, నమూనా, కట్టడము మూడును గుత్తదారునికే యొక నిశ్చిత మొత్తమునకు అప్పగించు పద్ధతి విరివిగా వాడబడినది. సర్వేలును, భూసేకరణమును, అనుమతులును పూర్తిగాక మునుపే పనులు అప్పగింపబడుటను కాగు వారు 2012వ సంవత్సరపు నివేదికలో తప్పుపట్టిరి. నేల చేతికి రాని కాలువ త్రవ్వుట కెట్లు సాధ్యము? పని నిలుచును, ధరలు పెరుగును, అంచనా సవరింపబడును. 2019 జూనులో ప్రారంభోత్సవము జరుపుకొన్న మేడిగడ్డ బరాజునందు 2023 అక్టోబరు 21వ తేదీన కొన్ని స్తంభములు క్రుంగినవి. దానిని బాగుచేయు వ్యయమెవ్వరిది యను వివాదము వెనువెంటనే లేచెను. తప్పెవ్వరిదో తేల్చువారు వేఱు గలరు. మనము నేర్చుకొనవలసిన పాఠమొక్కటే: నేలలోతున నేమున్నదో, పని చెడినచో బాధ్యుడెవ్వడో, ఎన్నేండ్లవఱకు బాధ్యుడో, ఇవి మొదటి గునపము దిగకముందే కాగితముమీద స్పష్టముగా నుండవలయును.

రెండవది, తక్కువ ధరయే పరమార్థ మనుకొనుట. అంచనాకు నూటికి పాతికవంతు తగ్గించి టెండరు వేసినవాడు సర్కారునకు లాభము చేసినట్లు పయికి తోచును. కాని సిమెంటు కొట్టువాడు నూటికి పాతిక తగ్గించి యీయడు. ఇనుము వర్తకు డీయడు. డీసెలు బంకువాడు అసలే యీయడు. మఱి యా తగ్గిన పాతిక యెక్కడినుండి రావలయును? రెండే దారులు గలవు. ఒకటి, కట్టడములో కలియవలసిన సరకు తఱుగుట. రెండవది, కట్టువాని కూలి తఱుగుట. సున్నపు పూతక్రింద మొదటి తఱుగు దాగును. కులము పేదఱికముక్రింద రెండవ తఱుగు దాగును. 2021 అక్టోబరులో కేంద్ర వ్యయశాఖవారు, తక్కువ ధర నొక్కదానినే చూచుటలో పరిమితులు గలవని తామే యంగీకరించి, ముఖ్యమైన పనులయందు నాణ్యతకు నూటికి ముప్పదివఱకు మార్కు లీయవచ్చునని యుత్తరువు గావించిరి. మంచిదే. కాని మార్కులు వేయు చేయి పక్షపాతియైనచో నీ ద్వారముననే క్రొత్త దొంగ ప్రవేశించును. అందుచేత మార్కులు మాటలకు గాక కొలతలకే యీయవలయును. వాడు పూర్వము కట్టిన వంతెన యైదేండ్ల తరువాత నెట్లున్నది? ప్రయోగశాలలో వాని కాంక్రీటు దిమ్మ యెంత బరువు కోర్చినది? కూలీల వేతనములు బాకీ పడకుండ చెల్లించెనా? ఇట్టివానికే మార్కులు వేయదగును.

మూడవది, ద్వారమును చిన్నవానికి మూయుట. పది యూళ్ళ బడి గదులను, పది యూళ్ళ మురుగు కాలువలను ఒక్కచో మూటగట్టి యొకే గుత్తగా పిలిచినచో, అందుకు వలసిన ధరావతును, వెనుకటి వ్యాపారపు మొత్తమును చూపగలవారు నలువురైదుగురు మాత్రమే మిగులుదురు. ఆ నలువురును ఒకచోట గూడి, ఈ పని నీది, ఆ పని నాది యని పంచుకొనుట యెంతసేపు? అట్లు కూడబలుకుకొని టెండరు వేయుట 2002వ సంవత్సరపు పోటీ చట్టముచేత నిషిద్ధము. కాని చట్టము పట్టుకొను లోపల పని ముగిసిపోవును. పిమ్మట పెద్ద గుత్తదారు పనిని మఱియొకనికి, వాడు వేఱొకనికి, అతడు మేస్త్రీకి అప్పగించును. మెట్టు దిగినకొలది సొమ్ము తఱుగును, బరువు పెరుగును. చిట్టచివరి మెట్టుమీద మన సోదరుడు నిలిచియుండును. అతడు కట్టిన గోడమీది శిలాఫలకమున అతని పేరుండదు. టెండరు పత్రమునందును అతని పేరుండదు.

నాలుగవది, బిల్లుల యాలస్యము. దీనిని గూర్చి మీకు మేము చెప్పవలసిన దేమున్నది? అయినను లెక్క వేసి చూపుదుము. ఒక చిన్న గుత్తదారు 20 లక్షల రూపాయల పని చేసె ననుకొందము. అందులో 12 లక్షలు నూటికి రెండు రూపాయల నెలవడ్డీకి తెచ్చెను. నెలకు 24,000 రూపాయల వడ్డీ. బిల్లు పది నెలలు నిలిచినచో వడ్డీ 2,40,000 అగును. కేంద్ర ప్రజాపనుల శాఖవారి ధరల లెక్కలలో గుత్తదారుని లాభమునకును పైఖర్చులకును కలిపి నూటికి 15 చొప్పున వేయుదురు. ఆ లెక్కను 20 లక్షల పనిలో వానికి దక్కవలసినది సుమారు 2,60,000. అనగా పది నెలల వడ్డీయే యించుమించు వాని సర్వస్వమును మ్రింగివేయును. పదునొకండవ నెలనుండి వాడు సర్కారునకు పని చేయుట లేదు, షాహుకారునకు చేయుచున్నాడు. మఱుసటి టెండరులో తెలివిగలవా డీ యాలస్యమును ముందే లెక్కగట్టి ధర హెచ్చించును. కావున బిల్లు నాపి సర్కారు మిగుల్చుకొన్నదేమియు లేదు. హెచ్చు ధరరూపమున తానే యా వడ్డీని కట్టుచున్నది. 2021వ సంవత్సరపు టుత్తరువులోనే కేంద్రమువారు, బిల్లు సమర్పించిన పది పనిదినములలోపల నందలి యర్హమైన మొత్తములో నూటికి 75 తక్కువగాకుండ చెల్లించి, మిగిలినది పరిశీలన యనంతరము 28 పనిదినములలోపల నీయవలయునని నిర్దేశించిరి. ఈ నియమము కేంద్రపు కచేరీలకు పరిమితము గాక, మన రాష్ట్రములకును, పురపాలకసంఘములకును, పంచాయతీలకును ప్రాకినచో, మనవారి యింటింట దీపము వెలిగినట్లే.

కూలీల మాట చెప్పకున్న నీ ప్రసంగ మసమగ్రమగును. గుత్తదారు కూలి యీయకున్నచో పని చేయించుకొన్న యసలు యజమానియే యీయవలయునని 1970వ సంవత్సరపు గుత్తకూలీల చట్టము చెప్పెను. 2025 నవంబరు 21వ తేదీన నూతన శ్రమ స్మృతులు అమలులోనికి వచ్చినను ఆ సూత్రము నిలిచియే యున్నది. అనగా సర్కారు పనిలో కూలి యెగవేయబడినచో సర్కారే బాధ్యము. ఈ సంగతి మన కూలీలలో నెందఱకు తెలియును? కట్టడపు పనివారి సంక్షేమమునకై కట్టుబడి వ్యయముమీద సుంకము వసూలుచేయు నేర్పాటు 1996లోనే జరిగినది. ఆ నిధినుండి సాయము పొందుటకు ముందు కూలీ తన పేరు నమోదు చేయించుకొనవలయును. పేరు నమోదు గానివాని సొమ్ము నిధిలోనే నిద్రించును.

పయి లోపములకు మందుగా నీ మహాసభ ప్రభుత్వములకు విన్నవింపవలసిన వైదు గలవని మా యభిప్రాయము.

ఒకటి: గుత్తలను గూర్చి స్థిరమైన చట్టము కావలయును, ఫిర్యాదు విని గడువులోపల తీర్చుటకు, గుత్త యిచ్చిన శాఖకు లోబడని యధికారి యుండవలయును.

రెండు: సర్వేయు, నేల పరీక్షయు, భూమి స్వాధీనమును కానిదే యే పనికిని టెండరు పిలువరాదు.

మూడు: విడదీసి చేయదగిన చిన్న పనులను విడదీసియే పిలువవలయును; ధరావతు పనికి తగియుండవలయును. సహకార సంఘములుగా నేర్పడిన శ్రామికుల కందు ప్రవేశ ముండవలయును.

నాలుగు: బిల్లునకు గడువును, గడువు దాటినచో అడుగకయే వడ్డీయు నుండవలయును. ముందు వచ్చిన బిల్లు ముందు తీఱవలయును; వరుస సంఖ్య అందఱకు కనబడవలయును.

అయిదు: పని యెవ్వరికి దక్కెనో చెప్పి యంతటితో తెఱ దించరాదు. కంప్యూటరు పద్ధతి వలన టెండరు విప్పు దినమువఱకు వెలుగు గలదు, తరువాత చీకటియే. అంచనా యెన్నిమాఱులు సవరింపబడినది, కొలతపుస్తకములో నేమి వ్రాయబడినది, ఎంత చెల్లింపబడినది, ఉపగుత్తదారు లెవ్వరు అను వివరము లన్నియు ప్రజలు చూచునట్లు ప్రకటింపబడవలయును. ఉక్రెయిను దేశము 2016 నుండి సర్కారు కొనుగోళ్ళ పత్రములను సర్వజనులును చూచునట్లు తెఱచియుంచినది. అది యసాధ్యమైన పని గాదు.

ప్రభుత్వమును కోరుటతోనే మన కర్తవ్యము తీఱదు. మనము చేయవలసినవియు గలవు. ఆంధ్రప్రదేశమున 2019లో, నామినేషను పద్ధతిపై నిచ్చు పనులలో వెనుకబడిన తరగతులకు, షెడ్యూల్డు కులములకు, తెగలకు, అల్పసంఖ్యాకులకు కలిపి సగము కేటాయించుచు చట్టము చేయబడినది. ఇట్టి యవకాశములు వచ్చినపుడు కులపుబిడ్డ తన పేరును ధనికునకు అద్దెకిచ్చి, సంతకము చేసి, నూటికి రెండు మూడు పుచ్చుకొని యింట కూర్చుండుట కులమునకు ద్రోహము. పేరు మనది, పని పరునిది, నింద మనది యగును. అట్టి చేష్టను సంఘము కఠినముగా ఖండింపవలయును.

మఱియు, చదువుకొన్న యువకులు జిల్లాకొక సహాయకేంద్రమును నడుపవలయును. గుత్తదారుగా నమోదు చేయించుకొనుట, కంప్యూటరు సంతకము, జి. ఎస్. టి. లెక్కలు, టెండరు షరతులు చదువుట, కొలతపుస్తకపు నకలు తీసికొనుట మున్నగునవి యచ్చట నేర్పవలయును. తెల్లకాగితముమీద సంతకము చేయరాదని ప్రతి మేస్త్రీకిని బోధింపవలయును. 2005వ సంవత్సరపు సమాచార హక్కు చట్టము కాగితములను మాత్రమే గాక, పనులను స్వయముగా తనిఖీ చేయుటకును, వాడిన సరకు నమూనాలను తీసికొనుటకును పౌరునకు హక్కిచ్చినది. ఇసుక మంచిదో చెడ్డదో పిడికిట పట్టి చెప్పగలవాడు వడ్డెర. రాయి బ్రద్దలగు గీతను చూపుతోనే కనిపెట్టగలవాడు వడ్డెర. ఆ హక్కును వినియోగించుటకు మనకన్న తగినవా రెవ్వరు? మన యూరి బడి గోడను, మన యూరి చెఱువు తూమును కాపాడుట కులసేవయు నగును, దేశసేవయు నగును.

కడపటి మాట. మేము దయను యాచించుట లేదు. అన్ని కులములవారికిని చెందవలసిన న్యాయమునే యడుగుచున్నాము. న్యాయమైన ధర, స్పష్టమైన షరతు, వేళకు చెల్లింపు, అందఱ యెదుట లెక్క యను నీ నాలుగును సమకూడినచో, మన చేతులు చేయవలసినది చేయగలవు. కట్టినది నిలుచును, కట్టినవాడును నిలుచును. ఈ విషయమును మహాసభవారు తీర్మానరూపమున నంగీకరించి, వచ్చు సంవత్సరపు సభనాటికి జిల్లాకొక సహాయకేంద్రమైనను నెలకొల్పి, దాని పనిని గూర్చి యిచ్చటనే నివేదిక చదువు నేర్పాటు చేయుదురు గాక యని ప్రార్థించుచున్నాము.